విశాఖలో ఆపద రోజులకు ఇంటిని సిద్ధం చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హుద్‌హుద్ తుపాను వెళ్ళిపోయిన దగ్గర్నుంచి మా వంటింటి అలమరలో కింది అర ఎప్పుడూ ఖాళీగా లేదు. నీళ్ళ క్యాన్లు, అటుకుల డబ్బా, టార్చి, మందుల సంచి అన్నీ అక్కడే ఉంటాయి. ఇంటికొచ్చినవాళ్ళు చూసి "ఇదంతా ఎందుకండీ" అంటారు. రెండు రోజులు పోయాక వాళ్ళే ఫోన్ చేసి "ఏమేం పెట్టుకోవాలో కొంచెం చెప్పండి" అని అడుగుతారు. అలా అడిగినవాళ్ళకి ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చినవన్నీ ఒకచోట రాస్తున్నాను.

అసలు ఎలాంటి ఆపద గురించి ఇదంతా?

ప్రపంచం అంతమైపోవడం గురించి కాదు. మన ఊళ్ళో జరిగినవే చాలు. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో గ్యాస్ లీకై పేలుడు జరిగింది, 50 మందికి పైగా పోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ సరిగ్గా మన నెత్తిమీదుగానే తీరం దాటింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. అది ఇంకా నడుస్తుండగానే మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం లీకై 12 మంది చనిపోయారు. యుద్ధ భయం కూడా ఈ ఊరికి కొత్త కాదు. 1971లో పాకిస్తాన్ ఘాజీ సబ్‌మెరైన్ మునిగింది మన తీరంలోనే. అప్పుడు కిటికీలకి నల్ల కాగితాలు అంటించి దీపాలు ఆర్పేసుకుని కూర్చున్నామని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. 2025 మే 7న దేశమంతటా సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్ పెట్టినప్పుడు విశాఖ పేరు కూడా జాబితాలో ఉంది.

పక్కనే సముద్రం, ఊరి మధ్యలో పోర్టు, రిఫైనరీ, నేవీ, చుట్టూ ఫ్యాక్టరీలు. ఇలాంటి ఊళ్ళో ఉంటూ ఇంట్లో ఒక టార్చి కూడా లేకపోతే ఎలా?

ఎన్ని రోజులకి సరిపడా పెట్టుకోవాలి?

ఏడు రోజులకి. మూడు రోజులు చాలని చాలాచోట్ల రాస్తారు, నేను ఒప్పుకోను. హుద్‌హుద్ తర్వాత మా వీధికి కరెంటు ఎనిమిదో రోజు సాయంత్రం వచ్చింది. మొదటి మూడు రోజులు ట్యాంకర్ కోసం చూడటంతోనే సరిపోయింది, అసలు కష్టం నాలుగో రోజు నుంచి మొదలైంది. ఏడు రోజులకి ఒకేసారి కొనలేకపోతే ముందు మూడు రోజులకి పెట్టుకోండి, తర్వాత నెల నెలా కొంచెం పెంచుకుంటూ పోండి.

అన్నిటికన్నా ముందు ఏం కొనాలి?

నీళ్ళు. టార్చికన్నా, పవర్ బ్యాంకుకన్నా ముందు నీళ్ళు.

మనిషికి రోజుకి తాగడానికి, వంటకి కలిపి 4 లీటర్లు అనుకోండి. నలుగురున్న ఇంటికి ఏడు రోజులకి 112 లీటర్లవుతుంది, అంటే 20 లీటర్ల క్యాన్లు ఆరు. మంచం కింద మూడు, అలమరలో మూడు పడతాయి. వాడకానికి, బాత్రూమ్‌కి ఈ నీళ్ళు ముట్టుకోవద్దు. దానికి వేరే డ్రమ్ము ఉండాలి. 200 లీటర్ల నీలం డ్రమ్ము మూతతో సహా కొనుక్కుంటే మేలు. అది మామూలు రోజుల్లో ఖాళీగా ఉన్నా పరవాలేదు, తుపాను కబురు వినగానే నింపాలి. అప్పుడే ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, ప్రెషర్ కుక్కర్‌తో సహా అన్నీ నింపేయండి.

మేడ మీద ట్యాంకు ఉంది కదా అని ధీమాగా ఉంటాం. మోటారుకి కరెంటు కావాలి, బోరుకీ కరెంటే. హుద్‌హుద్ రోజు మా అపార్ట్‌మెంట్ ట్యాంకు మూత గాలికి ఎగిరిపోయింది. మర్నాడు చూస్తే లోపల ఆకులు, ఇసుక, పక్క మేడ మీది రేకు ముక్క ఒకటి. ఆ నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాం. అమ్మ ఒక స్టీలు చెంబు తీసి, ఒక్కొక్కరికి పూటకి రెండు చెంబులు అని లెక్క పెట్టి పోసేది. రెండో చెంబు పోసేటప్పుడు చెయ్యి కాస్త వంచి, అంచు దాకా రాకుండా ఆపేసేది. తనకి ఒక్కటే పోసుకుంటోందని మూడో రోజుకి గానీ మాకు తెలియలేదు. నీళ్ళ గురించి ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

నీళ్ళు అనుమానంగా ఉంటే ఎలా శుభ్రం చేసుకోవాలి?

మురికిగా ఉంటే ముందు పాత పంచె నాలుగు మడతలు వేసి వడకట్టండి. తర్వాత బాగా తెర్లనివ్వాలి, బుడగలు పెద్దగా రావడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం ఉంచాలి. గ్యాస్ పొదుపు చేయాల్సి వస్తే క్లోరిన్ బిళ్ళలు వాడొచ్చు. ప్యాకెట్ మీద ఎన్ని లీటర్లకి ఒక బిళ్ళ అని ఉంటుంది, అంతే వేసి అరగంట ఆగి తాగాలి. రసాయనాలు కలిశాయని అనుమానం ఉన్న నీళ్ళని మాత్రం మరగబెట్టినా తాగకూడదు.

ఆర్‌ఓ మిషన్ కరెంటు లేకపోతే ఒట్టి పెట్టె. క్యాండిల్ ఫిల్టర్ అని పాతకాలం స్టీలుది ఉండేది కదా, అది అటక మీద ఉంటే కిందికి దించండి.

తిండి ఏం దాచాలి? డబ్బా ఆహారాలు కొనాలా?

అవసరం లేదు. కరువులు, తుపానులు చూసిన ఇళ్ళు మనవి, ఏం నిలవ ఉంటుందో మన వంటింటికి ముందే తెలుసు. అటుకులు, మరమరాలు, వేయించిన వేరుశెనగ గుళ్ళు, బెల్లం, పుట్నాల పప్పు. వీటికి పొయ్యి అక్కర్లేదు. అటుకులు నీళ్ళు చల్లి బెల్లం ముక్క పెట్టుకుంటే ఒక పూట గడిచిపోతుంది, పిల్లలు కూడా పేచీ పెట్టకుండా తింటారు. కందిపొడి, కరివేపాకు కారం, ఆవకాయ ఉంటే అన్నం ఒక్కటి వండుకుంటే చాలు. తినేవాళ్ళకి ఎండు చేపలు బాగా ఆదుకుంటాయి, పూర్ణా మార్కెట్‌లో కొని గాలి చొరబడని డబ్బాలో పెట్టుకోండి.

బియ్యం మనిషికి రోజుకి 400 గ్రాముల లెక్కన నలుగురికి వారానికి 11 కిలోలు దాటుతుంది. మన ఇళ్ళల్లో 25 కిలోల బస్తా ఎలాగూ ఉంటుంది, కాబట్టి బస్తా అడుగంటే దాకా ఆగకుండా సగానికి రాగానే ఇంకోటి తెచ్చుకోండి. పాలపొడి మర్చిపోవద్దు. హుద్‌హుద్ తర్వాత ముందుగా దొరకకుండా పోయినవాటిలో పాలు ఒకటి, ప్యాకెట్ రేటు వింటే గుండె ఆగినంత పనయ్యేది.

ఎవరూ తినని సరుకు మాత్రం కొనొద్దు. టెన్షన్‌లో ఉన్న మనిషికి అలవాటు లేని తిండి సహించదు.

గ్యాస్ అయిపోతే?

రెండో సిలిండర్ ఎప్పుడూ నిండుగా ఉండాలి. 14.2 కిలోల సిలిండర్ పొదుపుగా వాడితే నెల పైనే వస్తుంది. ఒకే కనెక్షన్ ఉన్నవాళ్ళు 5 కిలోల చిన్న సిలిండర్ కొనుక్కోవచ్చు. ఇండక్షన్ పొయ్యిని లెక్కలో వేసుకోవద్దు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. తలుపులు వేసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టొద్దు, జనరేటర్ నడపొద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బయట వాన పడుతున్నా సరే, జనరేటర్ ఇంటికి దూరంగా, బయటే ఉండాలి.

గ్యాస్ లీకేజీ ఫిర్యాదుకి 1906. వాసన వస్తే స్విచ్ వేయొద్దు, తీయొద్దు, రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తెరవండి. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారుగా పేరుకుంటుంది.

ఇన్వర్టర్ ఉంది కదా, సరిపోదా?

రెండు ఫ్యాన్లు తిప్పితే రాత్రికే దిగిపోతుంది. ఫ్యాన్లన్నీ ఆపేసి, 9 వాట్ల బల్బు ఒక్కటి సాయంత్రం నాలుగైదు గంటలు, ఫోన్ల చార్జింగ్ మాత్రమే పెట్టుకుని, మిగతా సమయం ఇన్వర్టర్ ఆపేస్తే 150 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడు రోజులకి పైనే లాగుతుంది. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మామూలు స్మార్ట్‌ఫోన్‌ని రెండుసార్లకి పైగా నింపుతుంది. కారు ఉంటే అందులోనూ చార్జింగ్ పెట్టుకోవచ్చు. తలకి కట్టుకునే టార్చి ఒకటి కొనండి, చీకట్లో రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఎంత సుఖమో మెట్లమీద బకెట్ మోసినవాళ్ళకి తెలుస్తుంది. కొవ్వొత్తులు ఉంచుకోండి గానీ చిన్నపిల్లలున్న ఇంట్లో అవి ఆఖరి మార్గమే.

గాలి మొదలయ్యాక లిఫ్ట్ ఎక్కొద్దు.

ఫోన్లు పనిచేయకపోతే కబురు ఎలా?

హుద్‌హుద్ రోజు టవర్లు పడిపోయి ఊరంతా మూగబోయింది. మా మేనత్త హైదరాబాద్ నుంచి రెండు రోజులపాటు మాకు ఫోన్ చేస్తూనే ఉందట, ఒక్కటీ కలవలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు ఎక్కడున్నా ఊరి బయట ఉన్న ఒకే మనిషికి, అంటే ఆ మేనత్తకే, "బాగున్నాం" అని ఒక మెసేజ్ పెట్టాలి. కాల్ కలవనప్పుడు కూడా ఎస్‌ఎమ్‌ఎస్ ఒక్కోసారి వెళ్ళిపోతుంది. అందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకోవడంకన్నా అది తేలిక.

మెసేజ్ కూడా వెళ్ళకపోతే కలుసుకునే చోటు ముందే అనుకుని ఉండాలి. ఇంటి దగ్గర ఒకటి, పేటకి బయట ఒకటి. నంబర్లన్నీ కాగితం మీద రాసి పిల్లల బ్యాగులో కూడా పెట్టండి. ఈ రోజుల్లో భార్య నంబర్ భర్తకి నోటికి రాదు.

బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఒకటి కావాలి. నెట్ లేనప్పుడు ఆకాశవాణి చెప్పేదే వార్త. ఆసక్తి ఉన్నవాళ్ళు పరీక్ష రాసి లైసెన్స్ తీసుకుని, టవర్లతో పనిలేకుండా దూరాలకి మాట్లాడుకునే హామ్ రేడియో నేర్చుకోవచ్చు, చాలా మంచి విద్య. శాటిలైట్ ఫోన్ మాత్రం అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు, విదేశాల్లో ఉన్న బంధువు తెస్తానన్నా వద్దనండి.

డబ్బు, కాగితాలు?

కరెంటు, నెట్ లేకపోతే ఏటీఎమ్ లేదు, ఫోన్‌పే లేదు. 5,000 రూపాయల దాకా 50, 100 నోట్లుగా ఇంట్లో ఉంచండి. 500 నోటు ఇచ్చి నాలుగు కొబ్బరి బోండాలు కొనబోతే చిల్లర లేదంటారు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఇన్సూరెన్స్, ఇంటి దస్తావేజుల నకళ్ళు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించండి. డిజిలాకర్లో కూడా పెట్టుకోండి, కానీ దాని మీదే ఆధారపడకండి.

చేతికి అందుబాటులో పెట్టుకునే సంచిలో ఏముండాలి?

ఐదు నిమిషాల్లో ఇల్లు వదలాల్సి వస్తే భుజాన వేసుకునే సంచి అది. మోయగలిగినంతే పెట్టండి. మా సంచిలో ఉన్నవి ఇవి: కాగితాల కవరు, డబ్బు, రెండు లీటర్ల నీళ్ళు, అటుకులు, బెల్లం, మందులు, టార్చి, పవర్ బ్యాంకు, ఈల, నైలాన్ తాడు పది మీటర్లు, ఒక టార్పాలిన్ ముక్క, తువ్వాలు, ఒక జత బట్టలు, కళ్ళజోడు, శానిటరీ ప్యాడ్లు, ఎన్95 మాస్కులు, ఇంటి తాళం మారుది. ఈల ఎందుకని అడుగుతారు. శిథిలాల కింద ఇరుక్కున్న మనిషి ఎంతోసేపు అరవలేడు, ఈల మాత్రం ఊదగలడు. చెప్పులు కాదు, బూట్లు సంచి పక్కనే ఉండాలి. తుపాను మర్నాడు వీధంతా గాజు ముక్కలు, మేకులున్న రేకులే.

ఇంట్లో పెద్దవాళ్ళు, సుగర్ పేషెంట్లు ఉంటే?

బీపీ, సుగర్ మందులు ఎప్పుడూ రెండు వారాలకి ఎక్కువ ఉంచండి. డాక్టర్ చీటీ ఫొటో తీసి, ప్రింటు కూడా పెట్టండి. ఇన్సులిన్‌కి ఫ్రిజ్ లేకపోతే కొత్త మట్టి కుండ తీసుకుని, చుట్టూ తడి గుడ్డ కట్టి, ఇన్సులిన్‌ని తడవకుండా చిన్న డబ్బాలో పెట్టి కుండలో ఉంచి నీడన పెట్టండి. ఐస్‌కి నేరుగా తగిలించొద్దు, గడ్డకడితే పనికిరాదు.

విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచి నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ చిన్న చెంచాతోనే, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం.

ఆక్సిజన్ మిషన్ మీద, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళని మాత్రం హెచ్చరిక రాగానే ఆసుపత్రికి దగ్గరగా మార్చేయండి. గాలి మొదలయ్యాక 108 బండి కూడా రాలేకపోతుంది, రోడ్డుకి అడ్డంగా చెట్లుంటాయి.

పోర్టులో ఎన్నో నంబర్ ప్రమాద సూచిక అంటారు, అది ఎలా అర్థం చేసుకోవాలి?

1 నుంచి 11 దాకా ఉంటాయి. 1, 2 అంటే వాయుగుండమో తుపానో దూరంగా సముద్రంలో ఉందని. 3, 4 అంటే పోర్టుకే ఈదురుగాలుల ముప్పు ఉందని. 5 నుంచి 7 ప్రమాదం. 8, 9, 10 మహా ప్రమాదం. 10 అంటే తీవ్ర తుపాను పోర్టు మీదుగానో బాగా దగ్గరగానో దాటుతుందని. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

మనకి ఇంతకన్నా పనికొచ్చేది వాతావరణ శాఖ బులెటిన్. సుమారు 72 గంటల ముందే మొదటి సమాచారం వస్తుంది, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్. 72 గంటలప్పుడు మందులు, పెట్రోలు, గ్యాస్ చూసుకోండి. 48 గంటలప్పుడు మేడ మీదున్న పూలకుండీలు, రేకులు, సోలార్ ప్లేట్లు, బట్టల స్టాండు దించేయండి లేదా తాడుతో కట్టేయండి, డిష్ బిగించండి. 24 గంటలప్పుడు నీళ్ళు నింపి, అన్నీ చార్జింగ్ పెట్టి, తలుపులు సరిచూసుకుని ఇంట్లో ఉండండి. జాలరిపేటల్లో, పల్లంలో, రేకుల ఇళ్ళల్లో ఉండేవాళ్ళు అప్పటికే షెల్టర్‌కి చేరిపోయి ఉండాలి.

బీచ్ రోడ్డుకి అలలు చూడటానికి వెళ్ళొద్దు. ప్రతిసారీ వెళ్తున్నారు, పిల్లల్ని తీసుకుని మరీ. దయచేసి వెళ్ళొద్దు.

గాలి ఆగిపోయింది, బయటికి రావచ్చా?

ఆగండి. హుద్‌హుద్ రోజు మధ్యాహ్నం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అప్పటిదాకా మా హాల్లో అల్యూమినియం కిటికీ ఫ్రేము గోడలోంచి ఊడొస్తుందా అన్నట్టు కొట్టుకుంది, నేనూ నాన్నా పరుపు అడ్డంపెట్టి వీపులతో నొక్కి పట్టుకున్నాం. గాలి ఆగాక కింద ఇద్దరు ముగ్గురు బళ్ళు చూసుకోవడానికి దిగారు. అది తుపాను కన్ను, అంటే తుపాను నడిమధ్యన గాలి ఉండని చోటు. కాసేపటికి గాలి రెండో వైపు నుంచి తిరగబడింది, ఈసారి ఉత్తరం వైపు కిటికీలు కాదు, వెనక వంటింటివి పగిలాయి. అధికారులు దాటిపోయిందని చెప్పేదాకా గడప దాటొద్దు. కన్ను నెత్తిమీద ఉన్నంతసేపూ ఇంట్లో అవతలి వైపు కిటికీలు సర్దుకోవడానికి దొరికిన సమయం అనుకోండి.

సాయంత్రం బయటికొచ్చి చూస్తే నిలబడ్డ చెట్లకి ఒక్క ఆకు లేదు, నిప్పు పెట్టినట్టు నల్లగా ఉన్నాయి. తెగిన కరెంటు తీగల దగ్గరికి వెళ్ళొద్దు, కరెంటు లేదనుకుని అసలే ముట్టుకోవద్దు.

గ్యాస్ లీకైతే ఎటు పరిగెత్తాలి?

గాజువాక, మల్కాపురం, గోపాలపట్నం, పరవాడ వైపు ఉండేవాళ్ళు ఇది ఇంట్లో అందరికీ నేర్పాలి. ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. మేడమీద ఆరేసిన బట్టలు, జెండా, పొగగొట్టం పొగ చూస్తే తెలుస్తుంది. గాలి వెళ్ళే వైపే పరిగెత్తితే గ్యాస్ మీ వెంటే వస్తుంది. లీకైన చోటికి ఎదురు వెళ్ళకుండా, గాలికి అడ్డంగా, పక్కకి పోవాలి. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు, పల్లంలో, కాలవ గట్టున పేరుకుంటుంది, కాబట్టి ఎత్తైన వైపుకి వెళ్ళండి.

బయట అప్పటికే మబ్బులా కమ్మేసి ఉంటే వెళ్ళొద్దు. లోపలి గదిలోకి, వీలైతే పై అంతస్తులోకి వెళ్ళి, ఏసీ, ఎగ్జాస్ట్ ఆపేసి, తలుపుల సందుల్లో తడి గుడ్డలు కూరండి. మూతికి తడి గుడ్డ కట్టుకుంటే అమ్మోనియా లాంటి నీళ్ళలో కరిగేవాటికి కొంత పనిచేస్తుంది, స్టైరీన్‌కి పెద్దగా పనిచేయదు. ఎన్95 దుమ్ముని ఆపుతుంది, గ్యాస్‌ని ఆపదు. మాస్కు ఉంది కదా అని అక్కడే ఉండిపోవద్దు. దూరం వెళ్ళాక బట్టలు విప్పేసి, కళ్ళు, ఒళ్ళు మంచి నీళ్ళతో చాలాసేపు కడుక్కోండి. ముందే ఇరుగుపొరుగుతో అనుకోండి, ఎవరు ఎవరి తలుపు కొట్టి లేపాలో. ఆ రాత్రి వెంకటాపురంలో జనం నిద్రలో ఉన్నారు.

సొంతూరు వెళ్ళిపోతే మంచిది కాదా?

ఒక్కోసారి మంచిదే, కానీ గాలి మొదలుకాక ముందే వెళ్ళిపోవాలి. శ్రీకాకుళం వైపు మన ఊరుంది కదా అని కళ్ళు మూసుకుని వెళ్ళొద్దు, 2018లో తిత్లీ తుపాను కొట్టింది అటువైపే. తుపాను ఎటు దాటుతుందో చూసి నిర్ణయించుకోండి. వానల్లో అరకు ఘాట్ రోడ్డు ఎక్కొద్దు, కొండచరియలు విరిగిపడతాయి. బండిలో పెట్రోలు సగానికి తగ్గనివ్వకండి. ఇంట్లో క్యాన్లలో మాత్రం పెట్రోలు దాచొద్దు, అది బాంబుని పెట్టుకోవడమే.

దొంగలు, గొడవలు వస్తే? కత్తులూ కర్రలూ పెట్టుకోవాలా?

వద్దు. హుద్‌హుద్ తర్వాత చీకటి రాత్రుల్లో మా వీధిలో మగవాళ్ళు వంతులు వేసుకుని కాపలా కాశారు, ఏ గొడవా జరగలేదు. మూడో రోజు కింది ఫ్లాట్ అన్నయ్య ఎక్కడినుంచో జనరేటర్ అద్దెకి తెచ్చాడు, అందరం డబ్బులు వేసుకుని రోజుకి గంటసేపు బోరు తిప్పుకున్నాం. వాచ్‌మన్ కుటుంబం దగ్గర్నుంచి పైసా తీసుకోలేదు. పక్కింటివాళ్ళ దగ్గర పెట్రోమాక్స్ ఉంది, మా దగ్గర బియ్యం ఉన్నాయి. ఆ వారం గడిచింది అలాగే. అందుకే అసోసియేషన్ మీటింగులో ఒక్కసారైనా ఈ సంగతి మాట్లాడండి. ఎవరింట్లో నర్సు ఉన్నారు, ఎవరికి ప్లంబింగ్ వచ్చు, ఎవరింట్లో నడవలేని పెద్దవాళ్ళున్నారు, ఇవి రాసి మెట్ల దగ్గర అంటించండి.

ఎమర్జెన్సీకి 112, ఫైర్ 101, జిల్లా కంట్రోల్ రూమ్ 1077. ఆ చీటీ మీదే ఇవి కూడా రాయండి.

ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలి?

మనకి తుపాను కాలాలు రెండు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకోటి. అందుకే మేం మార్చి చివరి ఆదివారం, సెప్టెంబర్ చివరి ఆదివారం కింది అరలో సరుకంతా బయటికి తీస్తాం. క్యాన్లలో నీళ్ళు మొక్కలకి పోసి మళ్ళీ నింపుతాం, అటుకులు ఆ వారం టిఫిన్‌లోకి వాడేసి కొత్తవి పెడతాం, టార్చిలోంచి సెల్సు తీసి చూస్తాం, మందుల డేట్లు చదివే పని మా అమ్మాయిది. అలమర తలుపు లోపల ఒక చిన్న నోట్‌బుక్ వేలాడుతుంది, అందులో తేదీ వేసి సంతకం కూడా తనే చేస్తుంది. పోయిన సారి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు పాతబడ్డాయని తనే పట్టుకుంది.